వాదాన్ని ఎలా కట్టాలి, అందులో నీతికి చోటెక్కడ

"గ్రంథాలయంలో పుస్తకాలను ఆలస్యంగా తిరిగి ఇచ్చేవారి దగ్గర జరిమానా వసూలు చేయడం మానేయాలి, ఎందుకంటే ఆ జరిమానాకు భయపడి చాలామంది అసలు రావడమే మానేస్తున్నారు." ఈ ఒక్క వాక్యాన్ని ముందు పెట్టుకుని వాదాన్ని ఎలా కట్టాలో, కట్టినదాన్ని ఎలా పరీక్షించాలో, ఆ పనిలో నీతి ఎక్కడెక్కడ ఎదురవుతుందో చూద్దాం. ఉదాహరణ చిన్నదే అయినా పెద్ద వివాదాల్లో కనిపించే చిక్కులు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి. పైగా దీని మీద ఎవరికీ ఆవేశం పొంగుకు రాదు కనుక దృష్టి నిర్మాణం మీదే నిలుస్తుంది.

ముందుగా ముగింపును పట్టుకోవాలి

ఎదుటివారి వాదాన్ని చదువుతున్నా, మన వాదాన్నే రాసుకుంటున్నా, మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఇంతా చెప్పి చివరికి నన్ను దేనికి ఒప్పుకోమంటున్నారు? ఆ ఒప్పుకోవలసిన మాటను ఒక పూర్తి వాక్యంగా కాగితం అడుగున రాయాలి. మిగిలిన వాక్యాలన్నీ పైనుంచి బాణం గుర్తులతో దాని మీదికి దిగిరావాలి. అలా రాయబోతే ఆ మాట "ఇదేం పద్ధతి?" అన్న ఎత్తిపొడుపుగానో, నిట్టూర్పుగానో తేలిందంటే అక్కడ ఇంకా వాదం మొదలే కాలేదని అర్థం.

"కాబట్టి", "అందువల్ల" వంటి మాటల తర్వాత సాధారణంగా ముగింపు వస్తుంది. "ఎందుకంటే", "కారణమేమంటే" అన్నవాటి తర్వాత హేతువు వస్తుంది. అయితే ఈ మాటలు కనిపించిన ప్రతిచోటా వాదం ఉందనుకోకూడదు. "రాత్రి వాన పడింది కనుక రోడ్డు తడిసి ఉంది" అన్నప్పుడు రోడ్డు తడిసిందన్న సంగతి మీద ఎవరికీ సందేహం లేదు. అది ఎందుకు తడిసిందో చెబుతున్నారు, అంటే అది వివరణ. అదే కిటికీ లేని గదిలో కూర్చున్నవారితో "వాన పడింది కనుక రోడ్డు తడిసే ఉంటుంది" అంటే అది వాదం. వినేవారికి సందేహం దేని మీద ఉందో చూస్తే రెంటికీ తేడా తెలిసిపోతుంది.

చెప్పని మాటను బయటికి తీయాలి

వాదంలో బలహీనత ఎక్కువగా చెప్పిన మాటల్లో ఉండదు, చెప్పకుండా వదిలేసిన మాటల్లో ఉంటుంది. అందుకే హేతువును, ముగింపును విడివిడిగా రాసి, "ఈ హేతువు నిజమే అనుకున్నా, దాన్నుంచి ఈ ముగింపు ఎలా వస్తుంది?" అని అడిగి, వచ్చిన జవాబును కూడా రాయాలి. మన ఉదాహరణను ఇలా విప్పితే కనీసం నాలుగు వాక్యాలు తేలుతాయి. కొందరు పాఠకులు రావడం మానేశారన్నది మొదటిది; మానేయడానికి కారణం జరిమానాయే తప్ప దూరమో, పనివేళలో, ఆసక్తి తగ్గడమో కాదన్నది రెండోది. జరిమానా లేకపోయినా పుస్తకాలు చాలావరకు సకాలంలో తిరిగి వస్తాయన్నది మూడోది. సకాలంలో పుస్తకం రావడం కన్నా పాఠకులు రావడమే గ్రంథాలయానికి ముఖ్యమన్నది నాలుగోది. మన ఉదాహరణ పైకి పలికింది వీటిలో మొదటిదాన్ని, రెండోదానిలో సగాన్ని మాత్రమే; మిగిలిన రెండున్నర వాక్యాల బరువును "ఎందుకంటే" అన్న ఒక్క మాట మోస్తోంది.

ఈ చెప్పని మాటకు ప్రత్యేకమైన చోటు ఇవ్వాలన్న ఆలోచన పాతదే. ప్రాచీన భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం అనుమానానికి, అంటే తెలిసినదాన్నుంచి తెలియనిదాన్ని ఊహించి తేల్చడానికి, ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఐదు అవయవాలు చెప్పింది. కొండ మీద నిప్పు ఉందన్నది ప్రతిజ్ఞ, పొగ కనిపించడం హేతువు. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో చూస్తున్నట్టు, అన్నది ఉదాహరణ. ఈ కొండ మీదున్నది అలాంటి పొగే అనడం ఉపనయం, కాబట్టి అక్కడ నిప్పు ఉందని తేల్చడం నిగమనం. మూడో అవయవం పనిని గమనించండి. హేతువుకూ ముగింపుకూ మధ్య ఉన్న సంబంధాన్ని, అంటే వ్యాప్తిని, అది దాచనివ్వదు. పైగా ఒక దృష్టాంతం చూపి తీరాలంటుంది. 1958లో బ్రిటిష్ తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ ప్రతిపాదించిన నమూనాలోనూ ఆధారానికీ ప్రతిపాదనకూ మధ్య నిలిచే ఇలాంటి అనుసంధాన వాక్యమే కీలకం. దానికి దన్నుగా నిలిచేదేమిటో, ప్రతిపాదన ఎంత ఖాయమో, ఏ సందర్భంలో అది వర్తించదో కూడా చెప్పాలని ఆయన కోరాడు. చివరి రెండూ నీతికి సంబంధించినవి కూడా, వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

వ్యాప్తిని పరీక్షించడానికి నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు, వాడిన ఒక పనిముట్టు నేటికీ పదునుగానే ఉంది. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుందన్నది నిలుస్తుంది; దాన్ని తిరగేసి నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందంటే మాత్రం నిలవదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తోడవ్వాలి. ఇలా తెర వెనక ఉండి సంబంధాన్ని నడిపించే షరతును "ఉపాధి" అన్నారు. ఏ వాదాన్ని పరీక్షించినా "ఇందులో తడి కట్టె ఏది?" అని అడగడం నాకు అలవాటైపోయింది. గ్రంథాలయం సంగతే తీసుకుంటే, జరిమానా ఉన్న చోటల్లా పాఠకులు తగ్గిపోతారా? జరిమానా కట్టేదాకా కొత్త పుస్తకం ఇవ్వకూడదన్న నిబంధన కూడా ఉన్న చోటే వాళ్లు తగ్గిపోతున్నారేమో. అదే నిజమైతే తడి కట్టె ఆ నిబంధనే అవుతుంది, జరిమానాను ముట్టుకోకుండా నిబంధనను సవరిస్తే సరిపోతుంది. ఉపాధిని వెతకడం వల్ల వాదం కూలిపోకపోవచ్చు. చాలాసార్లు దాని దిశ మారుతుంది.

ఆధారాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయో చూడాలి

కాగితం మీద గీసిన బాణాల్లో ఒక హేతువును వేలితో మూసి చూడండి. మిగిలినవి ముగింపును ఇంకా మోస్తూనే ఉంటే ఆ హేతువులు విడివిడిగా నిలిచేవి. ఒకటి పోయినా బలం తగ్గుతుందే తప్ప వాదం పడిపోదు. మూసిన వెంటనే మిగిలినవి పనికిరాకుండా పోతే అవి గొలుసుకట్టుగా ఉన్నాయన్నమాట, అప్పుడు గొలుసులో అన్నిటికన్నా బలహీనమైన కొక్కెం ఎంత గట్టిదో మొత్తం వాదం అంతే గట్టిది. మన నాలుగు వాక్యాలూ గొలుసుకట్టువే. ఈ తేడా తెలియక చాలామంది విడి హేతువును ఒకదాన్ని కొట్టేసి మొత్తం వాదాన్ని ఖండించామనుకుంటారు, లేదా తమ గొలుసులో ఒక కొక్కెం తెగిపోయినా "మిగతావి ఉన్నాయిగా" అని ధైర్యంగా ఉంటారు.

ఇక వాస్తవానికి సంబంధించిన హేతువుల విషయంలో మన భాషలోనే రెండు చక్కని హెచ్చరికలున్నాయి. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగితే కాకి వల్లే పండు పడిందనుకోవడాన్ని కాకతాళీయం అన్న మాటతో పక్కన పెడతాం. జరిమానా పెంచిన ఏడాదే పాఠకులు తగ్గారన్నది ఆధారంగా చూపేవారు ఆ ఏడాది ఇంకేమి మారిందో కూడా చూపాలి. రెండోది స్థాలీపులాక న్యాయం: ఒక మెతుకు పట్టి చూస్తే కుండలో అన్నమంతా ఉడికిందో లేదో తెలుస్తుంది. ఈ న్యాయం నిజం కావడానికి కారణం కుండంతా ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడకడమే. మనుషుల గుంపు అలా ఉండదు. తెలిసిన ముగ్గురిని అడిగి పాఠకలోకం అభిప్రాయం చెప్పేవారు మెతుకును చూశారు గాని కుండను చూడలేదు.

దోషాల పేర్లు తెలుసుకోవడం మంచిదే, కాని ఆ పేర్లను ఎదుటివారి మీద రాళ్లలా విసరడం వల్ల ఒరిగేదేమీ లేదు. వాదం లోపభూయిష్టంగా ఉందని తేలితే దాని ముగింపు అబద్ధమని తేలినట్టు కాదు. ఆ ముగింపుకు ఇంకా సరైన ఆధారం చూపలేదని మాత్రమే తేలినట్టు.

నీతి హేతువుగా వచ్చే చోటు

నాలుగో వాక్యం దగ్గరికి తిరిగి వెళ్దాం. మొదటి మూడు వాక్యాలూ నమోదు పుస్తకం తిరగేసి, పాఠకులను అడిగి, కొన్నాళ్లు ప్రయోగం చేసి తేల్చదగినవి. నాలుగోది అలా తేలదు. ఏది ముఖ్యమన్నది లెక్కల్లో కనబడదు. అది విలువకు సంబంధించిన తీర్పు. "ఉంది", "జరుగుతోంది" అన్న వాక్యాల నుంచి "చేయాలి", "కూడదు" అన్న వాక్యాలకు రచయితలు ఎలా జారిపోతున్నారో చెప్పడం లేదని స్కాటిష్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లో వెలువడిన గ్రంథభాగంలో ఎత్తిచూపాడు. దీన్నుంచి ఆచరణకు పనికొచ్చే నియమం ఇది: ముగింపులో "చేయాలి" అని ఉంటే, హేతువుల్లో కనీసం ఒకటైనా విలువను చెప్పే వాక్యం ఉండి తీరాలి, కనిపించకపోతే అది దాగి ఉందని గ్రహించి వెతికి పట్టుకోవాలి. "అంకెలే చెబుతున్నాయి" అని ఎవరైనా అన్నప్పుడు మరీ జాగ్రత్తగా వెతకాలి, అంకెలు ఎప్పుడూ "చేయాలి" అని చెప్పవు.

బయటపడిన విలువ వాక్యాన్ని వట్టి నమ్మకమని వదిలేయకూడదు, దాన్నీ పరీక్షించవచ్చు. అదే సూత్రాన్ని మనకు నచ్చని సందర్భానికి వర్తింపజేసి చూడడం ఒక పద్ధతి. పాఠకులు రావడమే అన్నిటికన్నా ముఖ్యమైతే, నిశ్శబ్దం పాటించాలన్న నియమం వల్ల కూడా కొందరు రావడం లేదు కదా, దాన్నీ ఎత్తివేద్దామా? వద్దంటే సూత్రాన్ని మరీ వెడల్పుగా చెప్పామన్నమాట. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదవకుండా దాన్ని కుదించుకోవాలి. స్థానాలు మార్చుకుని చూడడం మరో పద్ధతి. జరిమానా భయంతో రానివారిని తలచుకున్నంత సులువుగా, ఒక పుస్తకం కోసం నెలల తరబడి వరుసలో ఎదురుచూస్తున్నవారిని మనం తలచుకోవడం లేదు. వాళ్లు ఈ వాదంలో ఎక్కడా కనిపించరు, కాని వాదం గెలిస్తే నష్టపోయేది వాళ్లే. ఎవరి నష్టం లెక్కలోకి రాలేదో వెతకడం నైతిక తర్కంలో నాకు తెలిసినంతలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని.

ఒకే ప్రశ్నను వేర్వేరు నీతి దృష్టులు వేర్వేరు వాక్యాలుగా మారుస్తాయి. ఫలితాలను చూసేవారు మొత్తం మీద ఎవరికెంత మేలు, ఎంత కీడు అని అడుగుతారు. కర్తవ్యాన్ని చూసేవారు పుస్తకం తీసుకోవడంలోనే తిరిగి ఇస్తానన్న మాట ఇమిడి ఉందని, మాట తప్పినవారికి ఏ పర్యవసానమూ లేకపోతే మాట నిలుపుకున్నవారిని తక్కువ చేసినట్టవుతుందని అంటారు. న్యాయాన్ని చూసేవారు ఒకే జరిమానా ఒకరికి చిల్లర, ఇంకొకరికి రోజు కూలీ అని గుర్తుచేస్తారు. వీటిలో ఒకదాన్ని ఎంచుకుని మిగతావాటిని తోసిపుచ్చడం కన్నా, రెండు విలువలు ఢీకొన్నప్పుడు ఏది ఎంతవరకు వెనక్కి తగ్గాలో, ఎందుకు తగ్గాలో వాదంలోనే రాసేయడం నిజాయితీ.

నీతి నడవడికగా వచ్చే చోటు

నీతికి వాదంలో రెండో చోటు కూడా ఉంది, అది వాదించే తీరులో. దీన్ని మర్యాద కిందికో, సౌమ్యత కిందికో కొట్టిపారేయడం పొరపాటు, ఎందుకంటే నడవడికలోని తప్పు దాదాపు ఎప్పుడూ నిర్మాణంలోనూ తప్పుగా తేలుతుంది. "ఛలం", అంటే ఎదుటివారి మాటకు వాళ్లు ఉద్దేశించని అర్థం అంటగట్టి ఖండించడం, దీనికి మంచి ఉదాహరణ. ఒకరు కొత్త కంబళి కప్పుకున్నవాణ్ణి చూసి "ఇతడు నవకంబలుడు" అంటారు; ఎదుటివాడు "నవ" అంటే తొమ్మిది అని పట్టుకుని "వీడి దగ్గర ఉన్నది ఒక్క కంబళే, తొమ్మిది ఎక్కడున్నాయి?" అని నిలదీస్తాడు. న్యాయదర్శనానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల మీది వ్యాఖ్యానాల్లో వచ్చే ఈ ఉదాహరణలో మోసం ఎంత ఉందో లోపమూ అంతే ఉంది: ఖండించినది చెప్పినదాన్ని కానే కాదు. "జరిమానా ఎత్తివేయాలి" అన్నవారిని "అంటే పుస్తకాలు ఊరికే పంచిపెట్టమంటారా?" అని అడగడం ఈ కోవలోదే.

దీనికి విరుగుడు పూర్వపక్షం. మన సిద్ధాంతం చెప్పేముందు ఎదుటి పక్షాన్ని, ఆ పక్షంవారు "మేం చెప్పాలనుకున్నది సరిగ్గా ఇదే" అని ఒప్పుకునేంత న్యాయంగా రాయాలి. నేను కాగితాన్ని నిలువుగా మడిచి ఎడమ సగంలో ముందు వాళ్ల వాదమే రాస్తాను. అది నాకు నచ్చినంత తేలిగ్గా కొట్టేయగలిగేలా వచ్చిందంటే సరిగా రాయలేదని అర్థం చేసుకుని మళ్లీ రాస్తాను. మన ఉదాహరణలో పూర్వపక్షాన్ని "డబ్బు కోసమే జరిమానా" అని రాస్తే అది దిష్టిబొమ్మ. "ఎదురుచూస్తున్న పాఠకుడికి ఇచ్చిన మాటను కాపాడే సాధనం జరిమానా ఒక్కటే" అని రాస్తే దానికి జవాబు చెప్పడం కష్టం, ఆ కష్టమే మనకు కావలసింది.

ఇక మాటల బరువు. మొదటి వాక్యంలోని "చాలామంది" అన్నది ఎవరు లెక్కపెట్టిన మాట? "కొందరు", "చాలామంది", "దాదాపు అందరూ" అన్న మెట్లలో ఆధారం ఏ మెట్టు వరకు వచ్చిందో అక్కడే ఆగాలి. తెలుగులో మరో సున్నితమైన సంగతి ఉంది. "పాఠకులు మానేశారట" అన్నప్పుడు ఆ చివరి "ట" నేను చూడలేదు, విన్నానని ఒప్పుకుంటోంది. అదే మాట రెండో నోటికి చేరేసరికి "మానేశారు" అవుతుంది. ఒక్క అక్షరం రాలిపోవడంతో వినికిడి సాక్ష్యంగా మారిపోయింది, అబద్ధం ఎవరూ ఆడలేదు. మన రాతలో ఎక్కడెక్కడ "ట" రాల్చేశామో వెతికి తిరిగి అతికించడం తర్కానికీ నీతికీ ఒకేసారి చేసే సేవ. మనకు తెలిసిన ప్రతికూల ఆధారాన్ని దాచడం కూడా ఇలాంటిదే. చెప్పినవన్నీ నిజాలే అయినా, ఏరి చెప్పడం వల్ల మొత్తం మసిపూసిన మారేడుకాయ అవుతుంది.

వ్యక్తి గురించి మాట్లాడకూడదన్న నియమాన్ని కొందరు మరీ బిగించి పట్టుకుంటారు. వాదం తన హేతువుల మీద నిలిచినప్పుడు చెప్పినవాడి గుణగణాలు అనవసరం, నిజమే. కాని "నేను చూశాను, నమ్మండి" అన్నదే హేతువైతే చూసినవాడి విశ్వసనీయత, అతడికి అందులో ఉన్న లాభం అడగదగిన ప్రశ్నలే. వక్త శీలాన్ని, శ్రోత భావాలను, తర్కాన్ని మూడింటినీ ఒప్పించే సాధనాలుగా అరిస్టాటిల్ లెక్కించాడు. భావోద్వేగం దానికదే దోషం కాదు; జరిమానా కట్టలేక చదువు ఆపేసిన ఒక్కరి కథ, లెక్కలు చెప్పలేని బాధ ఎలాంటిదో చూపుతుంది. ఎందరికి అలా జరిగిందన్న ప్రశ్నకు జవాబుగా ఆ కథనే చూపినప్పుడు అది గీత దాటుతుంది.

ఎవరితో, ఎందుకు వాదిస్తున్నామో కూడా ముందే తేల్చుకోవాలి. తత్వం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం ఛలాదులను కూడా వాడేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటిదాన్ని కొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం అని న్యాయసూత్రాలు విడదీశాయి. మనం వాడుకలో మొండిగా అడ్డం మాట్లాడేదాన్నంతా వితండవాదం అనేస్తాం గాని అసలు అర్థం ఇంకా నిర్దిష్టమైనది. చరకసంహిత కూడా వైద్యుల చర్చలను స్నేహంతో చేసే సంధాయ సంభాష, తగవుగా చేసే విగృహ్య సంభాష అని రెండు రకాలు చేసింది. మొలకను కాపాడడానికి ముళ్లకంప వేసినట్టు, తత్వనిశ్చయాన్ని కాపాడుకోవడానికి జల్పవితండాలను వాడవచ్చని న్యాయసూత్రాలే ఒకచోట అనుమతిస్తాయి. ఈ అనుమతిని నేను అనుమానంగానే చూస్తాను; తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న ప్రతివాడూ తనది మొలకేనని, తాను వేసేది కంపేనని అనుకుంటాడు. దీనికి ఒక ఆచరణయోగ్యమైన పరీక్ష ఉంది: ఏది చూపితే నా అభిప్రాయం మార్చుకుంటానో చర్చకు ముందే ఒక వాక్యంలో రాయగలనా? రాయలేకపోతే నేను చేయబోతున్నది వాదం కాదు.

తిరిగి రాసిన వాదం

ఇంత పరీక్ష తర్వాత మన మొదటి వాక్యం ఇలా మారుతుంది: "జరిమానా పడిన తర్వాత మళ్లీ రాని సభ్యులు కొందరు ఉన్నారని నమోదు పుస్తకం చూపుతోంది. వారిలో మేము అడగగలిగినవారు జరిమానా కన్నా, అది కట్టేదాకా పుస్తకం ఇవ్వరన్న నిబంధనే తమను ఆపిందని చెప్పారు. అడగలేకపోయినవారి సంగతి మాకు తెలియదు. కట్టలేనివారు చదువుకు దూరం కాకుండా చూడడం గ్రంథాలయం బాధ్యత అని మేము భావిస్తున్నాం, అయితే వరుసలో ఎదురుచూసేవారికి ఇచ్చిన మాట కూడా అంతే ముఖ్యం. కాబట్టి వేరెవరూ అడగని పుస్తకాల విషయంలో ఆ నిబంధనను ఆరు నెలల పాటు నిలిపివేసి చూడాలని కోరుతున్నాం. ఆ కాలంలో పుస్తకాలు తిరిగి రావడం బాగా మందగిస్తే ఈ సూచనను మేమే వెనక్కి తీసుకుంటాం."

ప్రతిపాదన చిన్నదైంది, వాక్యాలు పెరిగాయి, ఆవేశం తగ్గింది. ఇప్పుడు దీన్ని జరిమానా ఉండాలనేవారి చేతికిచ్చి చదవమనాలి. వాళ్లు బహుశా చివరి వాక్యం దగ్గర ఆగి "బాగా మందగిస్తే అంటే ఎంత?" అని అడుగుతారు. ఆ ప్రశ్న సరైనదే. వందకు ఎన్ని పుస్తకాలు ఆలస్యమైతే వెనక్కి తగ్గుతామో ఆ అంకెను ప్రయోగం మొదలయ్యేలోపే, వాళ్లను కూడా కూర్చోబెట్టుకుని, ఆ ఖాళీలో రాయాలి.